వాంతి మందు వేశాక మెడ తిరిగితే?



గోదావరిఖని, రామగుండం ఎండలు ఎలాంటివో మనకు తెలుసు. ఈ ఎండల్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయంటే మనం మొదట అడిగేది వాంతి ఆగే మందే. ఆ మందుల్లో ఒకదాని గురించి ఈ నెల తప్పక చెప్పాలని అనుకున్నాము.

మెటోక్లోప్రమైడ్ అనే మందు మెదడులో డోపమైన్ అనే పదార్థం పనిని అడ్డుకుని వాంతిని ఆపుతుంది. శరీర కదలికలు సవ్యంగా సాగడానికి కూడా ఆ డోపమైనే కావాలి. అందుకే కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, యౌవనస్థులకు, ఈ మందు పడిన గంటల్లో గానీ, ఒకటి రెండు రోజుల్లో గానీ మెడ ఒక పక్కకు మెలితిరుగుతుంది. కనుగుడ్లు పైకి పోతాయి. దవడ బిగుసుకుంటుంది. తెలివి మాత్రం ఉంటుంది.

చూసినవారు గాలి సోకిందనో, దయ్యం పట్టిందనో భయపడతారు. అది దయ్యమూ కాదు, మూర్ఛా కాదు. మందు వల్ల వచ్చినదే. డాక్టరు గుర్తిస్తే విరుగుడు సూదితో సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే తగ్గుతుంది. ప్రార్థన తప్పక చేద్దాం, కాని ఆసుపత్రికి వెళ్తూ దారిలో చేద్దాం. వాడిన మందు చీటీని, ఖాళీ అట్టను లేదా సీసాను వెంట తీసుకుపోండి. వాటిని చూస్తే డాక్టరుకు సంగతి వెంటనే తెలుస్తుంది. ఆ మందు పేరు ఇంట్లో రాసిపెట్టుకుని, ఇకముందు ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా చెప్పండి.

ఏడాది లోపు పిల్లలకు ఈ మందు ఇవ్వరాదని, పెద్దలకైనా 5 రోజులకు మించరాదని ఐరోపా మందుల సంస్థ 2013లో చెప్పింది. ఆన్‌డాన్‌సెట్రాన్ అనే మందు వేరే దారిలో పనిచేస్తుంది కనుక దానితో మెడ తిరగడం చాలా అరుదు. అయినా పిల్లల బరువును బట్టి డాక్టరే మోతాదు చెప్పాలి.

ఏ వాంతి మందూ ఒంట్లోంచి పోయిన నీటిని తిరిగి ఇవ్వదు. ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లాన్ని మొత్తం 1 లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపండి. బిడ్డ కక్కుకుంటే 10 నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. మూత్రం రాకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మగతగా ఉన్నా, వాంతిలో రక్తం గానీ ఆకుపచ్చ పసరు గానీ కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.