పేరు వ్రాసే చేతి బాధ్యత



అన్యాయం ఎల్లప్పుడూ కత్తి పట్టుకొనే రావాలన్న నియమం లేదు. ఒక్కొక్కసారి అది కలమూ కాగితమూ చేతబట్టి, ఎంతో మర్యాదగా మన పేరూ ఊరూ అడుగుతూ వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నెదర్లాండ్స్ దేశంలోని వెస్టర్‌బోర్క్ శిబిరం పత్రాలు చెప్పే సంగతి ఇదే.

ఆ శిబిరాన్ని కట్టినది జర్మన్లు కారు. హిట్లర్ ఏలుబడి నుండి పారిపోయి వచ్చిన యూదు శరణార్థుల కోసం 1939లో డచ్చి ప్రభుత్వమే దానిని నెలకొల్పింది. మరుసటి సంవత్సరం జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించింది. 1942 జులై 1న శిబిరం నేరుగా జర్మన్ల చేతికి వెళ్ళింది. తలదాచుకున్న చోటే మృత్యువుకు మజిలీ అయింది. అదే నెల 15న మొదటి రైలు కదిలింది. 1944 సెప్టెంబరు వరకు, ఎక్కువగా మంగళవారాలలో, రైళ్ళు తూర్పు దిక్కుకు సాగుతూనే ఉన్నాయి. వాటిలో అధిక భాగం ఔష్విట్జ్, సోబిబోర్ మరణ శిబిరాలకు చేరాయి.

ప్రతి రైలుకూ ఒక జాబితా ఉండేది. ఎంతమంది వెళ్ళాలో జర్మన్లు నిర్ణయించేవారు. పేర్లు కూర్చే పనిని బందీలకే అప్పగించారు. ముందునాటి రాత్రి ఆ పేర్లు చదువుతుంటే, తమ పేరు వినబడకూడదని వేలాది ప్రాణాలు చెవులొగ్గి వినేవి. నెదర్లాండ్స్ నుండి ఇలా తరలిపోయిన యూదులు సుమారు 1,07,000 మంది. తిరిగి వచ్చినవారు సుమారు 5,000 మంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూదు మండలి ఒక్కొక్క వ్యక్తికి ఒక్కొక్క కార్డు వ్రాసి ఉంచింది. పేరు, పుట్టిన తేది, చిరునామా, వృత్తి. తరువాత వాటిపై వెస్టర్‌బోర్క్‌కు చేరిన తేది, అక్కడి నుండి పంపివేసిన తేది కూడా చేరాయి. యుద్ధం ముగిశాక రెడ్‌క్రాస్ సంస్థ ఆ కార్డుల ఆధారంగానే, తమవారు ఏమయ్యారని అడిగిన కుటుంబాలకు జవాబు చెప్పింది. చంపడానికి పనికివచ్చిన వ్రాతే చివరకు సాక్షిగా నిలిచింది.

ఆ సాక్ష్యం ఎంత విలువైనదో ఒక్క ఉదాహరణ చాలు. 1944లో శిబిరాధికారి ఆజ్ఞపై రుడాల్ఫ్ బ్రెస్లావర్ అనే బందీ అక్కడి జీవితాన్ని చలనచిత్రంగా తీశాడు. కొద్ది నెలలకే అతడినీ పంపివేశారు, తిరిగి రాలేదు. ఆ చిత్రంలో, రైలు పెట్టె తలుపు సందులో నుండి తలకు గుడ్డ కట్టుకున్న ఒక బాలిక బయటకు చూస్తుంది. దశాబ్దాల పాటు లోకం ఆమెను పేరు తెలియని యూదు బాలిక అనే అనుకుంది. 1990లలో ఆద్ వాగెనార్ అనే పాత్రికేయుడు, అదే చిత్రంలో ఒక పెట్టెపై కనిపించిన పేరును, పుట్టిన తేదిని పత్రాలతో పోల్చి, ఆ రైలు 1944 మే 19న బయలుదేరినదని తేల్చాడు. ఆ రైలులో సింటీ, రోమా సంచార జాతుల వారూ ఉన్నారు. అదే పెట్టెలో ప్రయాణించి బ్రతికి బయటపడిన ఒక స్త్రీ ఆ బాలికను గుర్తుపట్టింది. ఆమె పేరు సెట్టెలా స్టైన్‌బాఖ్. సింటీ బాలిక. వయస్సు తొమ్మిదేళ్ళు. ఆ వేసవిలోనే ఔష్విట్జ్‌లో ఆమె ప్రాణం తీశారు.

దీనికి మరొక పార్శ్వం ఉంది. 1943 మార్చి 27న కొందరు పోలీసు దుస్తులు ధరించి ఆమ్‌స్టర్‌డామ్ జనాభా నమోదు కార్యాలయంలోకి ప్రవేశించి దానికి నిప్పు పెట్టారు. దాగి ఉన్నవారి దొంగ గుర్తింపు కార్డులను అధికారులు సరిచూడలేకుండా చేయాలన్నది వారి ఉద్దేశం. వారిలో 12 మందిని జులై 1న కాల్చి చంపారు. పత్రాన్ని భద్రపరచడం ఒకప్పుడు ధర్మమైతే, పత్రాన్ని తగులబెట్టడం మరొకప్పుడు ధర్మమయింది. ఆ పత్రం ఎవరి చేతిలో ఉంది, దేనికి వాడుతున్నారు అన్నదే అసలు ప్రశ్న.

పాఠకులారా! మనలో ఎందరో పేర్లు వ్రాసేవారమే. పెళ్ళి దఫ్తరు, బడి హాజరు పట్టీ, రేషన్ జాబితా. వ్రాసేది మనుషులనని మరచిన నాడు ఆ కలం ఎవరికైనా పనిముట్టు కాగలదు. ఈ చరిత్రను మీ పిల్లలకు చెప్పేటప్పుడు లక్ష అనే అంకెతో మొదలుపెట్టకండి. సెట్టెలా అనే పేరుతో మొదలుపెట్టండి. అంకె వారికి మరుపు వస్తుంది. తమ ఈడు పిల్ల పేరు మరుపు రాదు.