పీలాలో సబ్బు చెయ్యి

వంట ముగించి, గట్టు తుడిచి, ఓ పది నిమిషాలు నడుం వాల్చే వేళకే ఈ పేజీ మీ చేతికొస్తుందని నాకు తెలుసు. అందుకే ఈ వారం కూరలూ పచ్చళ్ళూ పక్కనపెట్టి, పరాయివాళ్ళింట్లో నేను నాలుగు వారాలు భోంచేసిన ముచ్చట చెబుతాను.

మేముండేది హ్యూస్టన్‌లో. నేను పనిచేసే పళ్ళ డాక్టరుగారి దగ్గరికి స్పానిష్ తప్ప మరో భాష రానివాళ్ళు చాలామంది వస్తారు. పిల్ల బుగ్గ పట్టుకుని ఏడుస్తూ, తల్లి ఆదుర్దాగా ఏదో అడుగుతుంటే, నేను చేతులు తిప్పుతూ నిలబడేదాన్ని. నలభై ఏడేళ్ళొచ్చాక ఇంకా చదువేమిటి అంటారా? మావారూ అదే అన్నారు. అయినా 2023 జనవరిలో సెలవు పెట్టి గ్వాటెమాలా దేశంలోని ఆంటిగ్వాకి వెళ్ళాను.

1773లో భూకంపం వచ్చి కూల్చేదాకా ఆ ప్రాంతానికి రాజధాని ఆ ఊరే. విరిగిన చర్చిలు ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాయి. చుట్టూ అగ్నిపర్వతాలు. నేనున్నన్నాళ్ళూ వాటిలో ఒకటి పొగ చిమ్ముతూనే ఉంది. రాళ్ళు పరిచిన వీధుల్లో తిరిగే ఆటోలు మాత్రం మన బజాజ్‌వే! చూడగానే ప్రాణం లేచొచ్చిందనుకోండి. పొద్దున నాలుగు గంటలు ఒక టీచరు, ఒకే విద్యార్థి, ఎదురెదురుగా కూర్చోవాలి. మిగతా రోజంతా ఒక కుటుంబంతో గడపాలి. సోమవారం నుంచి శనివారం దాకా మూడు పూటలా భోజనం వాళ్ళింట్లోనే. ఆదివారం ఇంటావిడకి సెలవు. (ఈ పద్ధతి మన ఇళ్ళకి ఎప్పుడొస్తుందో!)

చదవడం పెద్ద కష్టం కాదండీ. దాదాపు రాసినట్టే పలుకుతారు. "పెరో" అంటే కానీ, "పెర్రో" అంటే కుక్క. మన బండి ఱ ని తలుచుకుని నాలుక కాస్త గట్టిగా ఆడించాలి, అంతే. నోరు విప్పి మాట్లాడబోతేనే వస్తుంది తంటా. మొదటి సాయంత్రం "అలసిపోయాను" అనబోయి "కన్సాదా"కి బదులు "కసాదా" అన్నాను. అంటే "నాకు పెళ్ళయింది" అని! ఇంటావిడ పకపకా నవ్వి, తనవైపు వేలు చూపించుకుని "నాక్కూడా" అంది. ఆవిడ రెండింటికీ కలిపే చెప్పిందని నా అనుమానం.

మాంసం తిననని ముందే చెప్పాను. మర్నాడు కోడి పులుసు వచ్చింది! "కార్నే" అన్నమాటలోకి వాళ్ళ లెక్కన కోడి రాదట. నాకోసం పనిగట్టుకుని చేసింది, నేను చెంచా ముట్టలేదు. కోడి, పంది, చేప అని పేరుపేరునా చెప్పుకున్నాకగానీ తేలలేదు. ఆ తర్వాత నల్ల బీన్సు గింజలు, వేయించిన అరటిపండు, బెంగళూరు వంకాయ. వాటితోపాటు ప్రతి పూటా మొక్కజొన్న రొట్టెలు. మొక్కజొన్నల్ని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి, రాత్రంతా ఆ నీళ్ళలోనే ఉంచి, పొట్టు పోయేలా కడిగి రుబ్బుతారు. అలా చేస్తే పిండి చక్కగా అతుక్కుని, రొట్టె విరక్కుండా వస్తుంది. ఆవిడ అరచేతుల మధ్య టపటపా తడుతుంటే మా అమ్మమ్మ జొన్నరొట్టెల చప్పుడే వినిపించేది. తాగడానికి ఎర్రటి చల్లని పానీయం ఇచ్చారు. నోట్లో పోసుకోగానే ఎక్కడో తెలిసిన పులుపు! ఆరాతీస్తే, మన గోంగూర మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకులట. నీళ్ళలో మరిగించి, వడకట్టి, పంచదార కలిపి చల్లార్చడమే.

ఇక అసలు సంగతి. పెరట్లో "పీలా" అని ఓ సిమెంటు తొట్టి ఉంటుంది. మధ్యలో లోతైన నీళ్ళ తొట్టి, దానికి అటూ ఇటూ బట్టలుతకడానికీ, అంట్లు తోమడానికీ పలకలు. మధ్య తొట్టిలోంచి గిన్నెతో నీళ్ళు తీసుకుని పక్కన పని చేసుకోవాలి. ఇది నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండో వారం ఓ మధ్యాహ్నం నురగ కారుతున్న చున్నీని తీసుకెళ్ళి సరాసరి మధ్య తొట్టిలో ముంచాను. అసలే ఆ వారం కుళాయి రోజుకి కాసేపే వస్తోంది. ఆవిడ వచ్చి చూసింది. ఏమీ అనలేదు. మూత పీకి నీళ్ళన్నీ వదిలేసింది. అవి గడగడా పోతుంటే నాకు కాళ్ళాడలేదు. మంచినీళ్ళ బిందెలో ఎవరైనా ఎంగిలి గ్లాసు ముంచితే మన ఇళ్ళలో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? తిట్టినా బాగుండేది. నాకొచ్చింది "పెర్దోన్" అన్న ఒక్క మాటే. దాన్నే నాలుగుసార్లు అన్నాను. ఆవిడ తల ఊపి లోపలికెళ్ళిపోయింది. ఆ రాత్రి రొట్టె గొంతు దిగలేదు.

మర్నాడు క్లాసులో పుస్తకం మూసేసి, "ఇవాళ నాకు క్షమాపణ చెప్పడం నేర్పండి" అన్నాను. టీచరు నవ్వలేదు. నాకు తెలియలేదు, మీ నీళ్ళు పాడుచేశాను, మీకు మళ్ళీ పని పెట్టాను. ఈ మూడు వాక్యాలు సరిగ్గా రావడానికి భూతకాలం సగం నేర్చుకోవాల్సొచ్చింది. "ఉస్తెద్" అంటే మన "మీరు" అన్నమాట, అది మరిచిపోకూడదు. దారంతా గొణుక్కుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి అప్పజెప్పాను. ఆవిడ రొట్టె తట్టడం ఆపకుండా అంతా విని, చివర్లో నా క్రియ ఒకటి సరిదిద్దింది. తర్వాత ఓ పిండిముద్ద నా చేతిలో పెట్టింది. నా రొట్టె ఓ పక్క మందం, ఓ పక్క చిల్లు. అదే తనే తింది.

చివరి శనివారం ఇంటికో కెనడా అమ్మాయి దిగింది. సాయంత్రం బట్టల మూట, సబ్బు పట్టుకుని పెరట్లోకి వెళ్తుంటే గబగబా వెనకాలే పరిగెత్తి, గిన్నె చేతికిచ్చి, మధ్య తొట్టి చూపించి "ఇందులో చెయ్యి పెట్టకూడదు" అని స్పానిష్‌లో చెప్పాను. ఆ పిల్లకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. వంటింట్లోంచి మాత్రం నవ్వు వినబడింది.