దాచవలసిందీ... దాచకూడనిదీ!

'ప్రేమాభిషేకం' చూసి కంట తడి పెట్టనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే చేతులెత్తండి! 1981లో దాసరి నారాయణరావు తీసిన ఆ చిత్రం వచ్చేనాటికి నేనింకా పుట్టలేదు. అయినా మా భైంసాలో, మా ఇంటి టీవీ ముందు కూచుని, మా అమ్మతో పోటీపడి ఏడ్చినవాణ్ణే. అక్కినేనికి కేన్సరని తెలుస్తుంది. ఆ సంగతి శ్రీదేవికి చెప్పడు. చెడిపోయినవాడిలా నటించి, జయసుధ ఇంటికి చేరి, ప్రేమించిన పిల్ల తనంతట తనే అసహ్యించుకునేలా చేస్తాడు. ఆహా... త్యాగమంటే ఇదీ అనుకున్నాను.

ఇప్పుడు ఆ త్యాగం మీద నాకో చిన్న తగాదా ఉంది. ఎందుకంటారా? ఆ వేషం నేనూ కట్టబోయాను గనక!

2018లో, నాకు ఇరవై ఎనిమిదేళ్లప్పుడు, మెడ మీద గడ్డ కనిపించింది. నాందేడ్ వెళ్లాం, నిజామాబాద్ వెళ్లాం. చివరికి హైదరాబాదులో లింఫోమా అని తేల్చారు. సినిమాల్లోలాగా రక్తం కక్కుకుంటూ పాట పాడే రోగం కాదండోయ్! మందుకు లొంగే అవకాశం బాగా ఉందన్నారు. సోమవారం నుంచి కీమో. అప్పటికి శుక్రవారం.

ఒక చిన్న డాక్టరమ్మ ఫైలు తిరగేస్తూ అడిగింది. "తమ్ముడూ, పెండ్లయిందా?"

"లేదు మేడం."

"ముందుముందు పిల్లలు కావాలనుకుంటే, మందు ఎక్కించకముందే వీర్యం దాచిపెట్టుకో. ఈ మందులు రోగంతోపాటు వీర్యకణాలు తయారయ్యే చోటునీ దెబ్బతీయొచ్చు. కొందరికి మళ్లీ వస్తాయి. కొందరికి రావు."

పక్కనే మా అమ్మ కూచుని ఉంది! సిగ్గుతో చచ్చిపోయాను. "వద్దు మేడం" అనేశాను. బతుకుతానో లేదో తెలియనివాడికి పిల్లల గోల ఏమిటి?

అమ్మ నా వైపు చూడకుండానే అంది. "గదేందో చేసిరా బిడ్డా. విత్తనం దాయని రైతు ఉంటడా?"

అంతే. శని, ఆదివారాల్లో రెండుసార్లు వీర్యం బ్యాంకుకి వెళ్లాను. నేనిచ్చిన దాన్ని ఆరు చిన్న గొట్టాల్లో నింపి, ద్రవ నత్రజనిలో పెట్టారు. అక్కడ చలి మైనస్ 196 డిగ్రీలు! ఆ చలిలో కాలం ఆగిపోయినట్టే. ఇదేదో నిన్నమొన్నటి వింత కాదు. గడ్డకట్టించి దాచిన వీర్యంతో గర్భాలు నిలిచినట్టు 1953లోనే అమెరికాలో ప్రకటించారు.

ఊళ్లో స్నేహితులకి చెబితే పగలబడి నవ్వారు. 'నరుడా డోనరుడా' అని పేరు పెట్టేశారు! 2012 నాటి హిందీ 'విక్కీ డోనర్'ని 2016లో సుమంత్ తో తెలుగులో తీశారు కదా, అదీ సంగతి. "ఒరేయ్, అందులో హీరో ఇతరులకి ఇస్తాడు. నేను నాకోసమే దాచుకున్నాన్రా" అంటే ఎవడు వింటాడు?

బ్యాంకులో ఒక కాగితం మీద ప్రశ్న ఉంది. 'మీరు మరణిస్తే దీన్ని ఏం చేయాలి?' నా చెయ్యి వణికింది. 'పారవేయండి' అన్నచోట టిక్కు పెట్టాను. ఆ చిన్న టిక్కు ఎంత పెద్ద సంగతో తరవాత తెలిసింది. 2020లో ఢిల్లీలో పెళ్లికాని ముప్పై ఏళ్ల యువకుడు కీమోకి ముందు ఇలాగే వీర్యం దాచి, కొన్నాళ్లకే కన్నుమూశాడు. కొడుకు వీర్యం ఇవ్వమని తల్లిదండ్రులు అడిగితే గంగారామ్ ఆసుపత్రి ఇవ్వలేమంది. వాళ్లు ఢిల్లీ హైకోర్టుకెక్కారు. దాచినవాడి సమ్మతి ఉన్నట్టు తేలితే మన చట్టంలో అడ్డేమీ లేదని కోర్టు 2024 అక్టోబరులో వాళ్లకి ఇప్పించింది. నాలుగేళ్లు!

అంత దూరం ఎందుకు, మా పాత ఆదిలాబాద్ జిల్లా మంచిర్యాల సంగతే చెబుతాను. పిల్లల కోసం వైద్యం చేయించుకుంటున్న దంపతుల్లో భర్త 2021లో కోవిడ్ తో పోయాడు. అంతకుముందే దాచి ఉంచిన అతని వీర్యంతో బిడ్డను కనాలనుకుంది భార్య. హైకోర్టు గడప తొక్కింది. వరంగల్ లో వైద్యం చేయించుకుని, 2022 మార్చిలో మగబిడ్డను కంది. మనసులో ఉన్నది ముందే కాగితం మీద పెడితే, మన వెనకాల ఉన్నవాళ్లకి ఎంత తిరుగుడు తప్పుతుందో చూశారా?

సరే, నా కథకొద్దాం. మందు పనిచేసింది. బతికాను! 2021లో సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది. అప్పుడే నాలోని నాగేశ్వరరావు నిద్రలేచాడు. ఏదో వంక పెట్టి తప్పుకుందామనుకున్నాను. రెండు రోజులు నిద్ర లేదు. చివరికి ఫోను చేసి కేన్సరు, ఆరు గొట్టాలు, అన్నీ చెప్పేశాను. అటువైపు కాసేపు మౌనం. "ఇప్పుడు మంచిగనే ఉన్నవ్ గదా? దాచిపెట్టి చేసుకుంటే అప్పుడు చెప్తుంటి నీ పని!" అంది.

తెర మీద దాచిన అక్కినేని, నిజజీవితంలో ఏం చేశారో గుర్తుందా? 2013 అక్టోబరులో పత్రికలవాళ్లని తానే పిలిచి, నాకు కేన్సరు అని నవ్వుతూ చెప్పారు. 2014 జనవరిలో వెళ్లిపోయేలోపు 'మనం'లో తన వేషం పూర్తిచేశారు. నాకు ఇప్పుడు ఆ నాగేశ్వరరావే పెద్ద హీరో.

పెళ్లయ్యాక పరీక్ష చేయించాను. రెండుసార్లూ సున్నా! ఇక మిగిలింది ఆ ఆరు గొట్టాలే. డాక్టరు రెండు దారులు చెప్పింది.

మొదటిది ఐ.యు.ఐ. వీర్యాన్ని శుభ్రం చేసి సన్నటి గొట్టంతో గర్భాశయంలోకి పంపుతారు. ఖర్చు తక్కువ, ఆడవాళ్లకి బాధా తక్కువే. కానీ చురుకైన కణాలు లక్షల్లో కావాలి. నావి జబ్బునాటివి, మొదటే బలహీనం. కరిగించేటప్పుడు ఇంకొన్ని పోతాయి. ప్రయత్నానికొక గొట్టం ఖర్చు!

రెండోది ఇక్సీ, 1992 నుంచి వెలుగులోకొచ్చిన పద్ధతి. అండానికి ఒక్క కణం చాలు, సూదితో లోపలికి ఎక్కిస్తారు. నాలాంటివాళ్లకి ఇదే గతి. కానీ అండాల కోసం ఆమె పది పన్నెండు రోజులు సూదులు పొడిపించుకోవాలి. మత్తు ఇచ్చి అండాలు తీస్తారు. కొందరికి కడుపు ఉబ్బి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదమూ ఉంది. డబ్బూ ఎక్కువే. ఇంతా చేసి కడుపు పండుతుందన్న పూచీ లేదు!

బస్సులో తిరిగొస్తూ అన్నాను. "ఎందుకులే! జబ్బు నాది, సూదులు నీకా? ఎవరినైనా పెంచుకుందాం. వదిలేయ్."

"మళ్ల గదే సినిమానా?" అంది కోపంగా. "సూదులు నాకైతే, చెప్పుడు నువ్వా?"

నోరు మూసుకున్నాను. త్యాగం పేరుతో మళ్లీ ఆమె తరపున నేనే నిర్ణయం చేసేస్తున్నాను! బాసర దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. బడిలో వేసేముందు పలక పట్టించడానికి పిల్లల్ని సరస్వతి గుడికి తెచ్చిన తల్లులు నలుగురు అక్కడ బస్సెక్కారు. పిల్లల నుదుట కుంకుమ, చేతిలో కొత్త పలకలు. మేమిద్దరం అటే చూస్తున్నామని ఇద్దరికీ తెలుసు.

మూడు నెలలు ఆలోచించి తనే తేల్చింది. ఇక్సీయే. షరతులు మాత్రం మూడు. ఒకేసారి అన్ని గొట్టాలూ కరిగించకూడదు. చేను అమ్మకూడదు. రెండుసార్లు చూసి కాకపోతే దత్తత, ఆ తరవాత ఏడుపులు లేవు. సమ్మతి పత్రం మీద ఇద్దరం సంతకాలు చేశాం. రాతపూర్వక సమ్మతి లేకుండా ఈ వైద్యం చేయకూడదని 2021 నాటి చట్టం చెబుతోంది. పనిలో పనిగా నా పాత టిక్కు సంగతీ మాట్లాడుకున్నాం. అప్పటి టిక్కు కొట్టేయించి, 'నా భార్య ఇష్టం' అని రాయించాను.

సైకిల్ వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో కేన్సరు వైద్యానికి ముందు వీర్యం దాచుకున్నాడు. దానితోనే 1999లో కొడుకు, 2001లో కవల ఆడపిల్లలు పుట్టారు. డోపింగ్ గొడవలో అతని ఏడు టూర్ టైటిళ్లూ 2012లో ఊడిపోయాయి. పిల్లలు మాత్రం మిగిలారు!

మిత్రులారా, మీలో ఎవరికైనా, మీ స్నేహితులకైనా ఇలాంటి కష్టమొస్తే, మొదటి సెలైన్ ఎక్కకముందే ఒక్క ప్రశ్న అడగండి. 'నాకు పిల్లలు పుట్టే అవకాశం ఉంటుందా, ఏమైనా దాచుకోవాలా?' మగవాళ్లకి ఒకటి రెండు రోజులు చాలు. ఆడపిల్లలకీ అండాలు దాచే దారి ఉంది, దానికి రెండు వారాలదాకా పడుతుంది. డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి. పక్కన అమ్మ ఉన్నా సరే!

విత్తనం దాచండి, విషయం దాచకండి.

మా ఇంట్లో ఈ వారమే సూదులు మొదలయ్యాయి. ఫ్రిజ్ లో మామిడికాయ పచ్చడి పక్కన మందు డబ్బా. రోజూ సాయంత్రం అమ్మ పక్కన కూచుని దాని చెయ్యి పట్టుకుంటుంది, నేను సూది వేస్తాను. శుభం కార్డు పడుతుందో లేదో తెలియదు. ఇది ఇంటర్వెల్. వచ్చేవారం వేరే కబుర్లతో కలుద్దాం!