చెడింది ప్రింటరు కాదు

అడంగల్ నకలు కోసం వెళ్ళిన రైతుకు "ప్రింటరు పని చేయడం లేదు, రేపు రండి" అన్న జవాబు కొత్త కాదు. రేపు రావడమంటే కూలి మనిషికి ఒక రోజు కూలి పోవడమే. ఆదాయ ధ్రువపత్రానికి వచ్చిన విద్యార్థికయితే గడువే దాటిపోవచ్చు.

పని చేయని ప్రతి ప్రింటరూ చెడిపోయినట్టు కాదు. తీగ తగిలిస్తే చాలదు, ఆ మోడలుకు తగిన డ్రైవరు అనే ప్రోగ్రాము కంప్యూటరులో వుండాలి. కంప్యూటరు మారితే మళ్ళీ వేసుకోవలసిందే. యుఎస్‌బి తీగను ఒక చోట నుంచి తీసి మరో చోట పెడితే, ఒక్కోసారి అదే ప్రింటరు రెండో పేరుతో జాబితాలో చేరుతుంది. ఆజ్ఞ పాత పేరుకు పోతుంది, కాగితం కదలదు. సరైన పేరు ఎంచుకుంటే అయిదు నిమిషాల పని. ఆగిపోయిన పాత ప్రింటు ఒకటి ముందున్నా అంతే. రేషను షాపులో మొదటివాడి వేలిముద్ర పడకపోతే వెనకవాళ్ళంతా నిలబడ్డట్టు, మిగతావన్నీ నిలిచిపోతాయి. దాన్ని రద్దు చేయాలి.

కరెంటు సంగతి మరీ ముఖ్యం. లేజర్ ప్రింటరు పొడి సిరాను వేడితో కాగితానికి అతికిస్తుంది. వేడెక్కేటప్పుడు వందల వాట్లు లాగుతుంది. కరెంటు పోయినా పని జరుగుతుందని దాన్ని చిన్న యూపీఎస్‌కు తగిలిస్తే, ఆ బరువు మోయలేక యూపీఎస్ కూత పెట్టి కంప్యూటరుతో సహా ఆరిపోవచ్చు. అప్పటిదాకా ఎక్కించిన దరఖాస్తు గాలికే. గోడ ప్లగ్గే దానికి చోటు. ఇంక్‌జెట్‌ది వేరే గొడవ. కరెంటు తక్కువే తింటుంది గాని, వాడకుండా వుంచితే సిరా ఎండి మొరాయిస్తుంది. వారానికి ఒక కాగితమైనా తీస్తుండాలి.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు డిజిటల్ అసిస్టెంటు అనే ఉద్యోగమే ఏర్పడింది. అయినా ప్రింటరు మొరాయిస్తే సరిచేయవలసింది సిబ్బందా, మండల కేంద్రం నుంచి వచ్చే మెకానిక్కా అన్నది తేలని చోట నష్టపోయేది రైతే. పెట్టె దించి, సంతకం తీసుకుని వెళ్ళే పద్ధతి మానాలి. బిగించినవారు సిబ్బంది చేతనే ఒకసారి విప్పించి, తిరిగి తగిలింపించి, పరీక్ష కాగితం తీయించాలి. డ్రైవరును పెన్‌డ్రైవులో వేసి బీరువాలో పెట్టాలి. బదిలీపై వెళ్ళేవారు అప్పగించే వస్తువుల్లో అదీ వుండాలి.

ప్రింటరు మూగబోయిన రోజున, సంతకం, ముద్ర అక్కరలేని నకలైతే రైతు ఫోనుకు పంపవచ్చు. బస్టాండు దగ్గర జెరాక్సు కొట్టులో తీయించుకుంటాడు.