పచ్చిపులుసు రాయండి!

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఇంగ్లిషు మీడియం పిల్లలు చాలామంది తెలుగు గడగడా మాట్లాడతారు. ఓ పేరా రాయమంటే మాత్రం పెన్ను కదలదు. 2018 నాటి చట్టంతో తెలంగాణలో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరైంది. బట్టీపట్టిన వ్యాసంతో మార్కులొస్తాయేమో గానీ, రాత రాదు. దానికి యూట్యూబ్ వంటలు పనికొస్తాయి.

తెలుగు టీచర్లు పచ్చిపులుసుతో మొదలుపెట్టొచ్చు. పొయ్యి అక్కర్లేదు కదా! వీడియోలో అన్నిటికీ 'యాడ్ చేసుకోవాలి' అనే వినిపిస్తుంది. దాన్ని తెలుగులో రాయమనండి. ఉప్పు వేస్తాం, నీళ్లు పోస్తాం, కొత్తిమీర చల్లుతాం. ఒక్క 'యాడ్' మూడు క్రియల్ని మింగేసిందని పిల్లలకే తెలుస్తుంది. 'నానబెట్టి' క్త్వార్థకం, 'నానితే' చేదర్థకం, 'నానినా' అప్యర్థకం... కొరుకుడుపడని ఆ వ్యాకరణమూ గిన్నె దగ్గర ఇట్టే అర్థమవుతుంది.

అసలు పరీక్ష ఆ తర్వాతే. ఒకరు రాసింది మరొకరు చదివి, ఉన్నదున్నట్టు చేయాలి. 'చింతపండు పిండి నీళ్లు పోయాలి' అని రాస్తే, ఆ పిండి ఏ డబ్బాలో ఉందని అవతలివాళ్లు వెతకరూ? అప్పుడు 'నానిన చింతపండును పిసికి, పిప్పి తీసేసి, నీళ్లు పోయాలి' అని తిరగరాస్తారు. 'తగినంత ఉప్పు' అంటే ఎంత? చెంచాల లెక్క రాయాల్సిందే.

ఇంట్లోనూ ఓ ఆదివారం ప్రయత్నించండి. నానమ్మనో అమ్మమ్మనో అడిగి పిల్లల్ని రాయమనండి. ఆ కాగితం చూస్తూ మీరు చేయండి. రాయని ఉప్పు మాత్రం వేయకండి. పులుసు చప్పగా ఉంటే, వచ్చే ఆదివారం వాళ్లే సరిచేసి రాస్తారు.