ఉద్యోగిని తొలగిస్తే యజమాని బాధ్యత తీరిపోతుందా?

2023 జూలై 31 తెల్లవారుజామున జైపూర్ నుంచి ముంబైకి వెళుతున్న సూపర్‌ఫాస్ట్ రైలులో, పాల్‌ఘర్ సమీపంలో, ప్రయాణికుల రక్షణకు నియమితుడైన రైల్వే రక్షణ దళ కానిస్టేబుల్ ఒకడు తన పై అధికారిని, ఆ తరువాత ముగ్గురు ముస్లిం ప్రయాణికులను కాల్చి చంపాడన్న వార్త దేశాన్ని నిశ్చేష్టం చేసింది. మృతులలో ఒకరు హైదరాబాదులో నివసిస్తున్నవారు. కొద్ది రోజులలోనే ఆ కానిస్టేబుల్‌ను ఉద్యోగం నుంచి తొలగించారు. హత్య కేసు కోర్టుకు చేరింది.

దోషిని తేల్చి శిక్షించడం క్రిమినల్ కోర్టు పని. కానీ ఆ శిక్షతో తీరని ప్రశ్న మరొకటి ఉంది. అతని చేతికి తుపాకీ ఇచ్చినవారెవరు? ఆ రాత్రి ఆ బోగీలకు కాపలాగా పంపినవారెవరు? అతని ప్రవర్తనను కనిపెట్టి ఉండవలసినవారెవరు? వీటికి జవాబు ఒక వ్యక్తి పేరు కాదు, ఒక సంస్థ పేరు. ఉద్యోగి దుష్ప్రవర్తన బయటపడిన ప్రతిసారీ సంస్థల నుంచి తరచుగా వినిపించే మాట ఒకటుంది: “అది అతని వ్యక్తిగత చర్య. అతణ్ణి తొలగించాము.” బాధితులు ఈ మాటతో సరిపెట్టుకోనవసరం లేదు. చట్టం కూడా అలా చెప్పడం లేదు.

ఉద్యోగి తన విధి నిర్వహణలో ఇతరులకు కలిగించిన హానికి యజమాని కూడా బాధ్యుడేనన్నది మన న్యాయస్థానాలు ఏనాటి నుంచో అంగీకరించిన సూత్రం. ఉద్యోగిని ఎంచుకునేది యజమాని. అతనికి అధికారం, యూనిఫాం, తాళంచెవులు ఇచ్చేది యజమాని. అతని శ్రమ వలన లాభపడేదీ యజమానే. లాభం తనదై, నష్టం మాత్రం దారినపోయే వారిది కావడం న్యాయం కాదు.

హౌరా స్టేషన్ నేర్పిన పాఠం

ఈ సూత్రం ఎంత దూరం వెళ్లగలదో చూపిన తీర్పు ఒకటి మన కుటుంబాలన్నీ తెలుసుకోదగినది. 1998 ఫిబ్రవరి 26న బంగ్లాదేశ్‌కు చెందిన ఒక ముస్లిం మహిళ అజ్మీర్ షరీఫ్ జియారత్‌కు బయలుదేరి హౌరా స్టేషన్‌లో దిగారు. జోధ్‌పూర్ ఎక్స్‌ప్రెస్ కోసం వేచివున్న ఆమెను నమ్మించి, రైల్వే వారి యాత్రీ నివాస్‌కు తీసుకువెళ్లి సామూహిక అత్యాచారం జరిపారు. నిందితులలో రైల్వే ఉద్యోగులు ఉన్నారు. ఆమె తరఫున కలకత్తా హైకోర్టు న్యాయవాది చంద్రిమా దాస్ రిట్ పిటిషన్ వేశారు. హైకోర్టు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని ఆదేశించింది.

రైల్వే బోర్డు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇది కొందరు వ్యక్తులు చేసిన నేరమే గాని రైల్వేకు సంబంధం లేదని, పైగా ఆమె విదేశీయురాలని వాదించింది. 2000 జనవరిలో సుప్రీంకోర్టు ఈ రెండు వాదనలనూ త్రోసిపుచ్చింది. రైల్వేలను, యాత్రీ నివాస్‌లను నడపడానికి నియమితులైన ఉద్యోగులు ఈ ఘాతుకంలో పాల్గొన్నప్పుడు కేంద్ర ప్రభుత్వం బాధ్యత వహించవలసిందేనన్నది. రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కు పౌరులకే కాక ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని స్పష్టం చేసింది.

ప్రభుత్వం యజమాని అయినప్పుడు

ఒకప్పుడు ప్రభుత్వానికి గట్టి కవచం ఉండేది. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి నుంచి స్వాధీనం చేసుకున్న బంగారాన్ని మాల్‌ఖానాలో ఉంచగా, ఒక హెడ్ కానిస్టేబుల్ దానిని కాజేసి పాకిస్తాన్‌కు పారిపోయాడు. పోలీసులది నిర్లక్ష్యమేనని తేల్చి కూడా, సార్వభౌమాధికారం కింద జరిగిన పని గనుక ప్రభుత్వం బాధ్యురాలు కాదని 1964లో కస్తూరీలాల్ కేసులో సుప్రీంకోర్టు అన్నది.

ఆ కవచానికి బీటలు వేసిన తీర్పులలో రెండు మన తెలుగు నేల నుంచి వెళ్లినవే. అధికారులు జప్తు చేసిన ఎరువులు పాడైపోగా దావా వేసిన వ్యాపారి నాగేంద్రరావు కేసులో, ఉద్యోగుల నిర్లక్ష్యానికి రాష్ట్ర ప్రభుత్వం జవాబుదారీ అని 1994లో తీర్పు వచ్చింది. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977 మే నెలలో బాంబు దాడి జరిగి ఒక ఖైదీ మరణించాడు, అతని కుమారుడు గాయపడ్డాడు. ప్రాణాపాయం ఉందని ముందే మొరపెట్టుకున్నా తగిన కాపలా పెట్టలేదు. 2000లో సుప్రీంకోర్టు 1,44,000 రూపాయల పరిహారాన్ని ధ్రువీకరిస్తూ, ప్రాథమిక హక్కు భంగమైన చోట సార్వభౌమాధికార వాదన నిలవదన్నది.

ఇక్కడ ఒక తేడాను గట్టిగా గుర్తుంచుకోవాలి. ఎక్స్‌గ్రేషియా వేరు, నష్టపరిహారం వేరు. మొదటిది పాలకుల దయ, రెండవది బాధితుని హక్కు. 2007 మే 18న మక్కా మసీదు పేలుడు జరిగిన తరువాత ఎందరో ముస్లిం యువకులను నిర్బంధించారు. వారిలో నిర్దోషులుగా తేలినవారికి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్థిక సహాయం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. దయగా వచ్చినది అలా నిలవకుండా పోవచ్చు. ఏ అధికారి, ఏ రోజు, ఏ హక్కును భంగపరిచాడో సాక్ష్యంతో నిరూపించి కోర్టు ద్వారా పొందిన పరిహారానికి పునాది గట్టిగా ఉంటుంది. పాలకులు చెక్కు అందించి ఫొటో దిగినంత మాత్రాన కుటుంబానికి దావా హక్కు తీరిపోదు.

ప్రైవేటు సంస్థల విషయం

ఉద్యోగి చేసిన ప్రతి తప్పూ యజమాని మెడకు చుట్టుకోదన్నది కూడా నిజమే. అలహాబాదులో ఒక మహిళ కుటుంబం పొరుగువాడూ స్నేహితుడూ అయిన బ్యాంకు ఉద్యోగికి సొమ్ము, పాస్‌బుక్ రసీదు లేకుండా ఇచ్చింది. అతను కాజేశాడు. ఆ సొమ్మును అతను స్నేహితునిగా తీసుకున్నాడే గాని బ్యాంకు ఉద్యోగిగా కాదని 1978లో సుప్రీంకోర్టు బ్యాంకును విడిచిపెట్టింది. ఉమ్రా ప్రయాణానికని ట్రావెల్స్ మనుషులకు ఇంటివద్దనే నగదు చేతిలో పెట్టే కుటుంబాలు ఈ తీర్పును మరువరాదు. సంస్థ పేరుతో రసీదు లేకపోతే, రేపు ఆ సంస్థ ‘అతనెవరో మాకు తెలియదు’ అనగలదు.

ప్రైవేటు సంస్థను కోర్టుకంటే ముందు కదిలించేది పరువు. 2020లో ముస్లింలపై ద్వేషం వెళ్లగక్కిన భారతీయ ఉద్యోగులను యు.ఏ.ఇ.లోని కొన్ని కంపెనీలు వెనువెంటనే తొలగించాయి. 2015 నాటి ద్వేష నిరోధక చట్టం ఒక కారణం, మార్కెట్లో తమ పేరు చెడుతుందన్న భయం మరొకటి. ఇక్కడ కూడా ఆసుపత్రి కౌంటర్లో, కళాశాల కార్యాలయంలో అవమానం ఎదురైతే ఆ ఉద్యోగితో ఘర్షణ పడడం కంటే తేదీ, సమయం, సాక్షుల పేర్లతో యాజమాన్యానికి లిఖితపూర్వక ఫిర్యాదు చేయడం మేలు. తెలిసిన తరువాత కూడా మౌనం వహించిన యాజమాన్యం ‘మాకు తెలియదు’ అనలేదు.

అయితే విచారణ లేని తొలగింపు న్యాయం కాదు. అభియోగ పత్రం, సంజాయిషీకి అవకాశం, సాక్ష్యాల పరిశీలన ప్రతి ఉద్యోగికీ దక్కాలి. కేవలం అనుమానంతో ఉద్యోగాలు పోగొట్టుకున్న మన యువకులకు ఈ రక్షణ విలువ తెలుసు. మనం కోరుకునే దానిని ఎదుటివారికి నిరాకరించలేము.

మన సంస్థలకూ అదే కొలమానం

రైల్వేను, పోలీసు శాఖను నిలదీసే మనం మన పాఠశాలల, మదరసాల, ఆసుపత్రుల, దుకాణాల వైపు కూడా చూడాలి. పిల్లలపై లైంగిక నేరాల నిరోధానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని తెలిసీ పోలీసులకు తెలుపని సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా మహిళల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతున్నది. లేకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా. మన విద్యాసంస్థలలో ఎన్నింటిలో ఆ కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద కనిపిస్తున్నాయి?

‘బయటపడితే కౌము పరువు పోతుంది’ అనే మాట మనలో వినబడుతూ ఉంటుంది. నేరస్థుణ్ణి రాత్రికి రాత్రి మరో ఊరి సంస్థకు పంపితే పరువు నిలవదు. అక్కడి పిల్లలు ప్రమాదంలో పడతారు. తల్లిదండ్రులు పిల్లలను మన చేతిలో పెట్టడం ఒక అమానత్. దానిని కాపాడలేనివారికి ఇతరుల జవాబుదారీతనం గురించి మాట్లాడే అర్హత ఉండదు.

బాధిత కుటుంబాలకు ఇంతే చెప్పదలచుకున్నది: ఎఫ్.ఐ.ఆర్.తో ఆగకండి. ఉద్యోగితో పాటు సంస్థను కూడా బాధ్యురాలిగా చూపండి. ప్రభుత్వంపై సివిల్ దావాకు సాధారణంగా రెండు నెలల ముందస్తు నోటీసు అవసరం. ప్రాథమిక హక్కు భంగమైతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. భర్తను పోగొట్టుకున్న సోదరికి ఓదార్పు చెప్పి వచ్చే మన సంఘాలు, ఆమె వెంట ఆ కార్యాలయం దాకా కూడా నడవాలి.