పొద్దు తిరిగిన రోజు, పండుగ చేసుకునే రోజు

ఏటా డిసెంబరు మూడో వారం వచ్చేసరికి మనలో రెండు వర్గాలు బయల్దేరతాయి. మొదటివారిది ఖగోళ వాదం. "సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21నో 22నో అయినప్పుడు, మూడు వారాలు ఆగి జనవరిలో ఉత్తరాయణ పుణ్యకాలమని తర్పణాలు వదలడమేమిటి? సంక్రాంతిని వెనక్కి జరపవలసిందే" అంటారు. రెండోవారిది సంప్రదాయ వాదం. "డిసెంబరు లెక్క పడమటివాళ్ళది. మన పంచాంగం మనకుంది. అందులో ఎవరూ వేలు పెట్టనక్కరలేదు" అంటారు. ఈ రెండు వాదాల్లోనూ నాకు సగమేసి సత్యం కనిపిస్తుంది. పండుగను దాని చోట ఉంచి, అయనాంతాన్ని దాని చోట గుర్తించి, రెంటికీ మధ్య దూరం ఎందుకు వచ్చిందో పిల్లలకు దాపరికం లేకుండా చెప్పాలన్నది నా పక్షం. అందుకు కావలసిన సామగ్రి అంతా మన సంప్రదాయంలోనే ఉంది.

ముందు ఆ దూరం సంగతి చూద్దాం. భూమి తన ఇరుసు మీద తిరుగుతూనే, వేగం తగ్గుతున్న బొంగరం తల ఊగినట్లు, ఆ ఇరుసును కూడా మహా నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది. ఒక చుట్టు పూర్తికావడానికి దాదాపు 25,800 ఏళ్ళు పడుతుంది. దీన్నే మనవాళ్ళు అయనచలనం అన్నారు. దీనివల్ల అయనాంత బిందువు నక్షత్రాల నడుమ సుమారు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. మన పంచాంగాలు నిరయణ పద్ధతిలో, అంటే నక్షత్రాలను ఆధారం చేసుకొని, సూర్యుడి మకర ప్రవేశాన్ని లెక్కిస్తాయి. ఋతువులు మాత్రం సాయన పద్ధతిని, అంటే అయనాన్ని అనుసరిస్తాయి. సుమారు 1,700 ఏళ్ళ కిందట ఈ రెండూ ఒక్క రోజునే జరిగేవి. ఇప్పుడు వాటి మధ్య 24 డిగ్రీల ఎడం ఉంది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి. నేడు అదే పండుగ జనవరి 14నో 15నో వస్తోంది. ఇదే నడకన మరో రెండు వేల ఏళ్ళకు ఫిబ్రవరి రెండో వారంలో పడుతుంది. భూగోళ పటం మీద మకర రేఖ అన్న పేరు కూడా పాతకాలపు జ్ఞాపకమే. సూర్యుడు ఆ రేఖ మీద నడినెత్తిన నిలిచే నాటికి, మన పంచాంగం ప్రకారం అతడింకా ధనూరాశిలోనే ఉంటున్నాడు.

ఇది ఆధునికులు కనిపెట్టి మన మీద రుద్దిన చిక్కు కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని ఆదిత్యచారాధ్యాయాన్ని ఈ ప్రస్తావనతోనే మొదలుపెట్టాడు. దక్షిణాయనం ఆశ్లేష నడుమా, ఉత్తరాయణం ధనిష్ఠ మొదటా ఆరంభమవుతాయని పూర్వశాస్త్రాల్లో ఉంది కనుక ఒకప్పుడు అలాగే జరిగి ఉంటుందని ఒప్పుకొన్నాడు. తన కాలంలో మాత్రం అవి కర్కాటకాదినీ మకరాదినీ జరుగుతున్నాయని రాశాడు. చెప్పినదానికీ కనిపించేదానికీ తేడా వస్తే ప్రత్యక్ష పరీక్షతో తేల్చుకోమన్నాడు. పరీక్షించే విధానం కూడా చెప్పాడు. పొద్దు పొడిచేటప్పుడో కుంకేటప్పుడో దూరాన ఉన్న ఒక గుర్తుతో సూర్యుణ్ణి సరిచూడాలి. లేదా పెద్ద వలయం గీసి, అందులోకి నీడ ఎక్కడ ప్రవేశించి ఎక్కడ బయటికి పోతుందో గుర్తుపెట్టాలి. పూర్వులను తప్పుపట్టకుండా, వారి మాటకు కట్టుబడి కళ్ళు మూసుకోకుండా, ఆయన నడిచిన దారి ఇది. సంప్రదాయ వాదులు దీన్ని ఎందుకు తలుచుకోరో నాకు బోధపడదు.

వరాహమిహిరుడు పేర్కొన్న ఆ పాత లెక్క లగధుడిదని చెప్పే వేదాంగ జ్యోతిషంలో ఉంది. అందులో ఉత్తరాయణం మాఘమాసపు తొలినాళ్ళలో మొదలవుతుంది. ధనిష్ఠ మొదటినుంచి మకరాదికి 23 డిగ్రీల పైచిలుకు, అంటే ఇంచుమించు 1,700 ఏళ్ళ జరుగుబాటు. అటు లగధుడి లెక్కకూ వరాహమిహిరుడి లెక్కకూ మధ్య ఎంత ఎడముందో, ఇటు మన పంచాంగానికీ ఆకాశానికీ మధ్య దాదాపు అంతే ఎడముంది. అంపశయ్య మీద భీష్ముడు ఉత్తరాయణం కోసం వేచి ప్రాణం వదిలింది మాఘంలోనే. మాఘ శుద్ధ సప్తమినాడు సూర్యుడు తన రథాన్ని ఉత్తరానికి మళ్ళిస్తాడన్న నమ్మకంతో నేటికీ అరసవల్లిలోనూ తిరుమలలోనూ రథసప్తమి ఘనంగా జరుగుతుంది. అయనాంతం మాఘంలో జరిగిన కాలపు గుర్తుగా రథసప్తమీ, మకరాదిన జరిగిన కాలపు గుర్తుగా సంక్రాంతీ మనకు మిగిలాయని నా ఊహ. పొద్దు ముందుకు నడిచిపోయింది. దాని అడుగుజాడల్లో మనం పండుగలు చేసుకుంటున్నాం.

ఈ తంటా మన ఒక్కరిదే కాదు. స్వీడన్ దేశంలో డిసెంబరు 13న తెల్లని దుస్తులు వేసుకొని, తల మీద కొవ్వొత్తుల కిరీటం పెట్టుకొని ఆడపిల్లలు లూసియా పండుగ చేస్తారు. పద్నాలుగో శతాబ్దంలో, నాటి జూలియన్ కాలమానం ప్రకారం, ఏడాదిలోకెల్లా దీర్ఘమైన రాత్రి ఇంచుమించు ఆ తేదీకే వచ్చేది. స్వీడన్ 1753లో గ్రెగోరియన్ కాలమానానికి మారింది. దీర్ఘరాత్రి 21కి చేరినా లూసియా 13నే ఉండిపోయింది. రోమనులు శీతకాలపు అయనాంతంగా ఎంచుకొన్న డిసెంబరు 25 నాటికి ఇప్పుడు పొద్దు తిరిగి మూడు నాలుగు రోజులు దాటుతుంది. అయినా అక్కడివారెవరూ పండుగను జరపమని పట్టుపట్టడం లేదు. అలాగని ఆ రోజే అయనాంతమని వాదించడమూ లేదు.

నేనూ సంక్రాంతిని జరపవద్దనే అంటాను. సంక్రాంతి కేవలం సూర్యుడి పండుగ అయితే జరపవచ్చు. కాని అది కొత్త ధాన్యం ఇంటికి చేరిన తరవాతి పండుగ. భోగిమంట, పిల్లల తలమీద పోసే భోగిపళ్ళు, పెద్దలకు పెట్టుకొనే బట్టలు, కనుమనాడు పశువులకు చేసే మన్నన, ఊరు వదిలినవాళ్ళు ఊరు చేరే ఆ మూడు రోజులు, వీటిలో ఏ ఒక్కటీ భూమి ఇరుసు వంపు చూసి పుట్టలేదు. పైగా మన అక్షాంశంలో మరో విశేషముంది. అయనాంతం దాటగానే పగలు పెరగడం మొదలైనా, పెరిగేది సాయంత్రం వైపు. హైదరాబాదులో సూర్యోదయం జనవరి మూడో వారం దాకా రోజురోజుకూ ఇంకాస్త ఆలస్యమవుతూనే ఉంటుంది. భూమి కక్ష్య అండాకారంలో ఉండడమూ, ఇరుసు వాలి ఉండడమూ కలిసి గడియారపు మధ్యాహ్నాన్నీ సూర్యుడి మధ్యాహ్నాన్నీ విడదీయడం దీనికి కారణం. తెల్లవారుజామునే లేచే రైతుకు పొద్దు త్వరగా పొడుస్తున్నట్లు తెలిసేది సంక్రాంతి వెళ్ళాకనే. పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదన్నారు. చలి శివరాత్రికి గాని శివశివా అంటూ పోదన్నారు. పండుగ ఆకాశపు లెక్కకు దూరమైనా, ఒంటికి తెలిసే శీతకాలానికి మాత్రం దగ్గరగానే ఉంది.

మరి పండుగను ఉన్నచోటే ఉంచితే సరిపోతుందా? సరిపోదు. మా అన్నయ్యగారి మనవరాలు ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న సెలవుల్లో వచ్చి, "చిన్నతాతయ్యా, ఉత్తరాయణం జనవరిలో మొదలవుతుందని నానమ్మ చెప్పింది. భూగోళం పుస్తకంలో డిసెంబరని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?" అని అడిగింది. పక్కనే ఉన్న పెద్దలొకరు, "పరీక్షలో పుస్తకంలోది రాయి, ఇంట్లో మాత్రం నానమ్మ మాట నమ్ము" అన్నారు. నాకు ఆ జవాబు కంటే ప్రమాదకరమైనది మరొకటి కనపడలేదు. బడికొక సత్యం, ఇంటికొక సత్యం అని నేర్చుకొన్న పిల్ల, ఏదో ఒకనాడు ఇంటి సత్యాన్ని గంపగుత్తగా గోదాట్లో కలిపేస్తుంది. పులిహోరతో పాటు వరాహమిహిరుడూ కొట్టుకుపోతాడు. సంక్రాంతి నాడే సూర్యుడు దిశ మారుస్తాడని విజ్ఞానశాస్త్రమూ ఒప్పుకొంటోందని ప్రతి జనవరిలోనూ వాట్సాప్‌లో తిరిగే సందేశాలు చేస్తున్న మేలు ఇదే. నేను ఆ పిల్లకు చెప్పింది రెండు ముక్కలు. డిసెంబరులో జరిగేది అయనాంతం, జనవరిలో జరిగేది మకర సంక్రమణం. ఒకప్పుడు రెండూ ఒకేనాడు జరిగాయి గనుక ఒకే పేరు మిగిలింది. రెండు నిమిషాలు పట్టింది. నానమ్మ గౌరవానికి ఏ లోటూ రాలేదు.

ప్రభుత్వం వైపునుంచి ఈ ఎడాన్ని సరిచేసే ప్రయత్నం జరగకపోలేదు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1957 మార్చి 22 నుంచి జాతీయ కాలమానం అమల్లోకి వచ్చింది. అది సాయన పద్ధతిది. అందులో పుష్యమాసం డిసెంబరు 22న మొదలవుతుంది, అంటే అయనాంతపు వాకిట్లోనే. గెజిట్ల మీద ఆ తేదీలు నేటికీ అచ్చవుతున్నాయి. మన గుమ్మం లోపలికి మాత్రం అవి రాలేదు. ఉత్తర్వుతో పంచాంగం మార్చవచ్చు గాని పండుగను మార్చలేమనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

అసలైన అయనాంతానికి మనకంటూ ఏ ఆచారమూ లేదా అని కొందరు వాపోతుంటారు. ఇరానీయులు ఆ రాత్రి దానిమ్మపండ్లు పంచుకొని యల్దా జాగరణ చేస్తారనీ, ఐర్లండులోని న్యూగ్రేంజ్ సమాధి గర్భంలోకి అయిదువేల ఏళ్ళుగా ఆ ఉదయపు కిరణం ప్రవేశిస్తోందనీ, దాన్ని లోపలినుంచి చూడడానికి చీట్లు తీసి మనుషుల్ని ఎంపిక చేస్తారనీ చెబుతారు. అన్నీ నిజమే, ముచ్చటైనవే. కాని వాటిని ఎరువు తెచ్చుకోనక్కరలేదు. మన ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. అయనాంతం దాని తొలివారంలోనే పడుతుంది. ఏడాదిలో రాత్రులు మిక్కిలి పొడుగ్గా ఉండే ఆ రోజుల్లోనే మనం చీకటితో లేవడాన్ని వ్రతం చేసుకొన్నాం. నెలగంట పెట్టి, వాకిట కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి, గొబ్బెమ్మల మీద గుమ్మడిపువ్వు గుచ్చుతాం. తిరుమలలో సుప్రభాతం మాని తిరుప్పావై వినిపిస్తారు. తలమీద అక్షయపాత్రతో హరిదాసు వీధిలోకి వస్తాడు. మనుషుల ఏడాది దేవతలకు ఒక రోజు, దక్షిణాయనం వారి రాత్రి, ధనుర్మాసం ఆ రాత్రి చివరి జాము అని పురాణాలు వినిపించే పెద్దలు చెబుతారు. పొద్దు తిరిగే ఘడియకు ఎదురేగి మేల్కొని ఉండే ఆచారం ఇంతకన్నా ఏం కావాలి? కాలం జరుగుతూ జరుగుతూ అయనాంతాన్ని తెచ్చి ధనుర్మాసం ఒడిలో పెట్టింది. మనం చూడడం లేదు, అంతే.

కనుక నేను కోరేది ఒక చిన్న చేర్పు. ధనుర్మాసపు ముగ్గు పక్కన ఒక కర్ర పాతండి. మీటరు పొడవున్న కర్రను డాబా మీద నిటారుగా నిలిపి, మధ్యాహ్నం నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణంలో కొలిస్తే, హైదరాబాదులో డిసెంబరు 21న అది 86 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. సంక్రాంతి నాటికి 80 అవుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి నాటికి 31కి దిగుతుంది. అయనాంతానికి అటూ ఇటూ నాలుగైదు రోజులు నీడ కదిలినట్లే ఉండదు. అందుచేత ఏ రోజున తిరిగిందో నేరుగా పట్టుకోవడం కష్టం. దానికో ఉపాయముంది. డిసెంబరు మొదటి వారంలో ఒకనాటి నీడను గుర్తుపెట్టుకొని, జనవరిలో తిరిగి అదే కొలత వచ్చేదాకా రోజులు లెక్కపెట్టి, సగం చేయాలి. గత కొన్నేళ్ళుగా నేను ఇలాగే చేస్తున్నాను. మబ్బు పట్టిన రోజులు పోగా, లెక్క ఒకటి రెండు రోజుల తేడాతో సరిపోతోంది.

విదేశాల్లో ఉన్న మిత్రులకు ఇది మరింత ముచ్చటగా ఉంటుంది. అదే కర్ర నీడ అదే రోజున లండనులో 3 మీటర్ల 70 సెంటీమీటర్లు సాగుతుంది. మెల్‌బోర్నులో 26 సెంటీమీటర్లకు ముడుచుకొని, దక్షిణం వైపుకు పడుతుంది. అక్కడ ఆనాడు ఏడాదిలోకెల్లా పొడుగైన పగలు. మన పిల్లలు అక్కడ మండుటెండలో సంక్రాంతి చేసుకుంటూ, ఇది చలికాలపు పండుగని పెద్దలు చెబితే అయోమయంగా చూస్తారు. వారి చేతికి కర్ర ఇస్తే సంగతి వారికే తెలుస్తుంది. పండుగ తాతలనాటి ఊరినుంచి వచ్చింది, నీడ తామున్న ఊరిది.

ఈసారి డిసెంబరు 21న మీ ఊళ్ళో కొలిచి రాసిపెట్టుకోండి. సంక్రాంతి నాడు తర్పణాలో, పిండివంటలో, పతంగులో, మీ ఇంటి పద్ధతి ఏదైతే అది ముగించుకొని, మధ్యాహ్నం మరోసారి కొలవండి. హైదరాబాదులోనైతే ఆరు సెంటీమీటర్ల తేడా కనిపించాలి. లగధుడి నుంచి మన దాకా నడిచిన వాదమంతా ఆ ఆరు సెంటీమీటర్లలో ఉంది. అది చూసిన పిల్లలకు ఇక పంచాంగమూ పాఠ్యపుస్తకమూ పోట్లాడుకుంటున్నట్లు కనిపించవు.